ఉయ్యాలల లెక్క

ఏ దేశం బలమెంత అని పత్రికల్లో రాసేవాళ్ళు విమానాలూ, క్షిపణులూ, డాలర్లూ లెక్కేస్తారు. ఉయ్యాలల జోలికి ఎప్పుడోగాని వెళ్ళరు. నన్నడిగితే, మరో యాభై ఏళ్ళకి లోకంలో ఎవరి మాట చెల్లుతుందో తేల్చేది చాలామటుకు అవే. ఫ్యాక్టరీల్లో పనిచేసే చేతులూ, సరిహద్దులో నిలబడే కాళ్ళూ, ముసలివాళ్ళ పింఛనుకి పన్ను కట్టే జేబులూ అక్కణ్ణించి రావలసినవే కదా!

చైనా సంగతే చూడండి. 1980లో ఇంటికి ఒక్క బిడ్డే అంది. మాట వినని వాళ్ళకి జరిమానాలు, బలవంతపు ఆపరేషన్లు. 2016 నుంచి ఇద్దర్ని కనమంది. 2021లో సరే, ముగ్గురంది. ఇంత బతిమాలినా 2022లో ఆ దేశపు జనాభా అరవై ఏళ్ళలో మొదటిసారిగా తగ్గింది. మరుసటేడు మనం వాళ్ళని దాటేశామని ఐక్యరాజ్యసమితి చెబితే, మా వారు క్రికెట్టు మ్యాచి గెలిచినట్టు సంబరపడ్డారు.

దక్షిణ కొరియాది మరీ విడ్డూరం. జనాభా తరగకుండా నిలబడాలంటే ఒక్కో స్త్రీకి సగటున 2.1 బిడ్డలుండాలిట. అక్కడ 2023లో 0.72! లోకమంతటికీ ఫోన్లూ, కార్లూ అమ్మే దేశం. పసిపిల్లలకి మాత్రం కరువు.

మనమేం తక్కువ తిన్నాం? 2019–21 సర్వేలో దేశం సగటు 2.0, ఆంధ్రప్రదేశ్‌ది 1.7. గోడల మీద ఎర్ర త్రికోణాలు చూస్తూ పెరిగినదాన్ని నేను. ఇద్దర్ని మించి కన్నవాళ్ళు పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం చేశారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధన ఎత్తేసింది. ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రిగారే చెప్పారు. వద్దన్నదీ వాళ్ళే, ముద్దన్నదీ వాళ్ళే.

నేనూ ఉండబట్టలేక మా కోడలి దగ్గర రెండో కానుపు మాట ఎత్తాను.

"అత్తయ్యా, దీనికోసం ఆర్నెల్లు సెలవు పెడితే ప్రమోషను పోయింది. మళ్ళీ పెడితే ఉద్యోగమే పోతుంది. అయినా ఇద్దర్నీ పగలంతా ఎవరు చూస్తారు? మీరు చూస్తారా?" అంది.

నా మోకాళ్ళ వంక చూసుకుని ఊరుకున్నాను. కొరియా ప్రభుత్వం ఎంత డబ్బిస్తామన్నా అక్కడి ఆడపిల్లలు మొగ్గటంలేదంటే, వాళ్ళ ఇళ్ళల్లోనూ ఇదే ప్రశ్న ఉండి ఉంటుంది.

ఆ సాయంత్రం మా వారు మనవరాల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అమెరికా గొప్పా చైనా గొప్పా అని పక్కింటాయనతో గంటసేపు వాదించారు. పిల్ల ఒళ్ళు తడిపేసరికి మాత్రం "ఏమేవ్!" అని నన్ను కేకేశారు.