పదమూడు అంగుళాలు



నవంబర్ వచ్చిందంటే మా ఇంట్లో ఏటా ఒకటే జగడా. శనివారం తెల్లారుజామున మూడింటికి లేచి, ఫ్లాస్కులో చాయ్ పోసుకుని, హ్యూస్టన్ నుంచి డెబ్బై, ఎనభై మైళ్ళు పడమటికి పోతాను. మధ్యాహ్నానికి ఖాళీ చేతుల్తో తిరిగొస్తాను. మా బేగం డీప్ ఫ్రీజర్ మూత ఎత్తి పట్టుకుని అడుగుతుంది: "ఏం, ఇవాళా కనపడలేదా?"

"కనపడింది. చిన్నది. వదిలేశా."

"ఎంత చిన్నది?"

"ఒళ్ళు బాగానే ఉంది. కొమ్ములు చిన్నవి."

"సింగాఁ పకాకే ఖిలావూఁ క్యా?" అంటుంది. కొమ్ములు వండి పెట్టాలా నీకు, అని. ఆమె పుట్టిల్లు ఆదోని. ఆదోని వాళ్ళ మీద మాటల్లో గెలిచినోణ్ణి నేనింకా చూళ్ళేదు.

ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. మనం షికారుకి పోయేది గోష్ కోసం. తలకాయ గోడకి తగిలించుకునే శౌఖ్ మన ఇళ్ళల్లో లేదు. మరి ఎదురుగా వచ్చి నిలబడ్డ పోతుని చిన్నదని ఎందుకు వదలాలి? ఈ సవాలుకి జవాబు నాకు తొందరగా దొరకలేదు. ఒకసారి కొడుకు ముందు తల దించుకున్నాక కొంత అర్థమైంది. మిగతాది వాడే నేర్పాడు.

ముందే ఒక మాట. ఇండియాలో ఉన్న మన పిల్లలు ఇది చదివి జోష్ తెచ్చుకోవద్దు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అక్కడ షికార్ నేరం. కృష్ణజింక జోలికి పోతే జైలే. మా దాదాకి నంద్యాలలో లైసెన్సు ఉన్న బందూకు ఉండేదట. ఆ చట్టం రాకముందు నల్లమల అంచుల్లో దుప్పుల్ని కొట్టేవాడట. నాకు ఊహ తెలిసేసరికి బందూకు లేదు, కిస్సాలే మిగిలాయి. ఆ కిస్సాల్లో ఆయన కొట్టినవాటికంటే వదిలినవే ఎక్కువ. పిల్ల వెంట ఉన్న తల్లిని వదిలాడు. మునిమాపు వేళ పొదలో కదిలిన ఆకారాన్ని వదిలాడు, మర్నాడు చూస్తే అది ఎవరిదో దూడ. గురి తప్పినవన్నీ దాదా 'వదిలేసినవి' ఖాతాలో రాసుకున్నాడేమోనని చిన్నప్పుడు నాకు షక్. ఇప్పుడు మా బేగంకి నా మీద అదే షక్.

మా షికారు టెక్సాస్‌లోని కొలరాడో కౌంటీలో. పేరు చూసి కొలరాడో రాష్ట్రం అనుకోకండి. నలుగురం కలిసి ఒక రాంచ్‌ని సీజన్‌కి కౌలుకి తీసుకుంటాం. ఓక్ చెట్లు, మధ్యలో గడ్డి, ఒక వాగు. మిగతా ముగ్గురూ ఇక్కడి వాళ్ళే. అందరిలోకీ పెద్దాయనకి డెబ్బై దాటాయి. ఇక్కడ షికారంటే అడవిలో తిరగడం తక్కువ, మంచె మీద కూర్చోవడం ఎక్కువ. మన జొన్నచేలల్లో పిట్టల్ని తోలడానికి వేసే మంచె లాంటిదే, దీనికి రేకు కప్పు, కిటికీలు ఉంటాయి, అంతే. ఫజర్ కిందనే చదువుకుని చీకట్లో పైకెక్కుతాను. పొద్దు పొడవడానికి అరగంట ముందునుంచి, పొద్దు గుంకిన అరగంట దాకా కొట్టడానికి ఇజాజత్.

ఇక్కడ దొరికేది తెల్లతోక జింక. కృష్ణజింక కొమ్ములు బతికున్నన్నాళ్ళూ ఉంటాయి. దీనివి మాత్రం మన దుప్పికి లాగే ఏటా రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. ఏడాదిన్నర వయసులో మొదటిసారి చెప్పుకోదగ్గ కొమ్ములొస్తాయి. కొన్నింటికి చీలికల్లేని రెండు పుల్లలే వస్తాయి, వాటిని ఇక్కడ స్పైక్ అంటారు. ఏటేటా పెరిగి, అయిదారేళ్ళ వయసుకి పూర్తి సైజుకొస్తాయి. చాలా జింకలు ఆ వయసుదాకా బతకవు, ఎందుకంటే మనం బతకనివ్వం.

మా కౌంటీలో ఖానూన్ ఏంటంటే, మగ జింకని కొట్టాలంటే రెండు కొమ్ముల్లో కనీసం ఒకటైనా చీలికల్లేనిదై ఉండాలి. లేదంటే రెండు కొమ్ముల మధ్య లోపలి వెడల్పు 13 అంగుళాలకి తగ్గకూడదు. 2002లో ఆరు కౌంటీల్లో మొదలుపెట్టారు, తర్వాత వందకు పైగా కౌంటీలకి పాకింది. అంతకుముందు ఈ వైపు జనం కొట్టిన పోతుల్లో ఎక్కువ భాగం ఇంకా మీసం రాని కుర్రాళ్ళే. మందలో పెద్ద పోతులే మిగల్లేదు. ఖానూన్ వచ్చాక ఆ కుర్రాళ్ళకి ఒకటి రెండేళ్ళు ముహ్లత్ దొరికింది.

మరి ఎనభై గజాల దూరంలో, పొద్దున మంచులో 13 అంగుళాలు ఎలా కొలవాలి? దానికి చెవులున్నాయి. జింక అనుమానంతో తలెత్తి, చెవులు రెండూ పక్కలకి చాపినప్పుడు, ఈ చివరనుంచి ఆ చివరకి సుమారు 13 అంగుళాలుంటుంది. కొమ్ములు చెవుల అంచులు దాటి బయటికి కనపడితే కొట్టొచ్చు. దాటకపోతే దూర్‌బీన్ కింద పెట్టి చాయ్ తాగడమే.

వినడానికి సులువే. 2016 నవంబర్‌లో నేను చూసింది కూడా దాటిన కొమ్ములే.

సాయంత్రం అయిదు దాటింది. మా చిన్నోడికి అప్పుడు తొమ్మిదేళ్ళు, మంచె మీద నా పక్కన కూర్చుని ఉన్నాడు. ఎనిమిది చీలికల పోతు ఒకటి ఆడజింక వెనకాల పడి బయటికొచ్చింది. మెడ ఉబ్బి ఉంది, కొమ్ములు వెడల్పుగా కనపడ్డాయి. బిస్మిల్లా అల్లాహు అక్బర్ అని ట్రిగ్గర్ నొక్కాను. పడిపోయింది. ఛురీ పట్టుకుని పరిగెత్తాను. గోలీ తగిలి చనిపోయిన జంతువు విషయంలో ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉందని మీలో చాలామందికి తెలుసు. మన హనఫీ పెద్దల్లో ఎక్కువమంది, ప్రాణం ఉండగా జిబహ్ చేస్తేనే తినమంటారు. ఫత్వా ఇవ్వడం నా పని కాదు, నాకు పరిగెత్తడం అలవాటైంది, అంతే. ప్రాణం ఉంది. ఖిబ్లా వైపు తిప్పి జిబహ్ చేశాను.

తర్వాత టేపు తీశాను. చిన్నోడు టార్చి పట్టుకున్నాడు.

పన్నెండుంపావు.

మళ్ళీ కొలిచాను. టేపుని కాస్త వదులుగా పట్టి కూడా కొలిచాను, ఝూట్ ఎందుకు చెప్పాలి. పన్నెండున్నర దాటలేదు. జరిగిందేంటో అప్పుడు బుర్రకెక్కింది. ఆడదాని వెనకాల పరిగెత్తే తొందరలో అది చెవులు చాపలేదు, వెనక్కి మడిచి ఉంచింది. చెవులు మడిస్తే ఏ కొమ్ములైనా వెడల్పుగానే కనపడతాయి. మెడ ఉబ్బిందంటే పెద్దదనుకున్నాను, జత కట్టే రోజుల్లో కుర్రవాటి మెడ కూడా ఉబ్బుతుంది. పైగా వెలుతురు పోతోంది, కొడుకు చూస్తున్నాడు. చివరిదాన్ని నేను ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడే చెప్తున్నాను.

మా కౌలుదారుల్లో ఒకాయన లైట్ చూసి వచ్చాడు. టేపు చూశాడు. "ఇంత లోపలికి ఎవడొస్తాడు కొలవడానికి, తోలు తీసెయ్" అన్నాడు. చెడ్డమనిషేం కాదు, నా మీద రహమ్‌తోనే అన్నాడు. నేను కూడా ఆ మాట వైపు ఒరిగాను. చిన్నోడు మాత్రం టార్చి పక్కకి తిప్పకుండా, "అబ్బా, పన్నెండు అంటే పదమూడు కాదు గదా?" అన్నాడు. లెక్కల సందేహం అడిగినట్టే అడిగాడు.

గేమ్ వార్డెన్‌కి నేనే ఫోన్ చేశాను. వార్డెన్ వచ్చేదాకా గంటన్నర ఆ జింక పక్కనే కూర్చున్నాం. మగ్రిబ్ అక్కడే గడ్డిలో చదివాం. ఆయన వచ్చి తన టేపుతో కొలిచాడు. నోరు తెరిచి పళ్ళు చూసి రెండున్నరేళ్ళుంటుందన్నాడు. ఫైన్ రాశాడు, మంచిగానే మాట్లాడాడు. గోష్ మాత్రం నాకు దక్కదు, అవసరంలో ఉన్నవాళ్ళకి పోతుందన్నాడు. నేను జిబహ్ చేసిన గోష్ ఎవరి దస్తర్‌ఖాన్ మీదికి పోయిందో. ఇంటికొచ్చేదాకా కారులో చిన్నోడు నిద్రపోయినట్టు నటించాడు, నేను నమ్మినట్టు నటించాను.

ఆ ఏడాదినుంచి నా పద్ధతి మారింది. ఇప్పుడు ముందు కొమ్ములు చూడను. కొమ్ములు చూశావంటే నఫ్స్ వకాలత్ మొదలుపెడుతుంది. ముందు ఒళ్ళు చూస్తాను. ఏడాదిన్నర పోతు కొమ్ములు తగిలించుకున్న ఆడజింకలా ఉంటుంది, సన్నటి మెడ, కాళ్ళు మరీ పొడుగు, పదో తరగతి కుర్రాడి వాలకం. రెండున్నరకి కూడా కాళ్ళే ముందు కనపడతాయి. మూడున్నరకి ఛాతీ నిండుతుంది, నడుము మాత్రం సన్నం, పందెం గుర్రం లాగ. నాలుగున్నర, అయిదున్నరకి మెడ భుజంలోకి కలిసిపోతుంది, పొట్ట కిందికి దిగి కాళ్ళు పొట్టిగా కనపడతాయి. నిఖా అయిన అయిదేళ్ళకి మన మగాళ్ళు కనపడినట్టే. ఒళ్ళు చూశాక చెవులు చాపేదాకా ఆగుతాను. చాపకుండా పోతే పోనిస్తాను. వెలుతురు తగ్గాక స్పైక్‌ని, ఆడజింకని తప్ప దేన్నీ చూడను. "దాటినట్టే ఉంది" అని నాకు నేను దలీల్ చెప్పుకోవాల్సొస్తే, అప్పుడే రైఫిల్ సేఫ్టీ వేసేస్తాను.

గోషే కావాలంటే ఆడజింకని కొట్టడం మేలు. మా వైపు దానికి కొద్ది రోజులే ఇజాజత్, ఆ రోజుల్ని నేను నికా తారీఖులకంటే బాగా గుర్తుపెట్టుకుంటాను.

"నువ్వు వదిలితే పక్క ఫెన్స్ వాడు కొడతాడు, నీకేం మిగిలింది" అని మా బావమరిది వాదన. ఈ వాదన నాకు పుట్టుకతో తెలుసు. మా సీమలో బోర్ల కథ ఇదే. నేను తోడకపోతే పక్కోడు తోడతాడని అందరూ తోడారు, అందరి బోర్లూ ఎండాయి. అయినా అతనికి జవాబు చెప్పలేను. నేను వదిలినవాటిలో కొన్ని నిజంగానే ఫెన్స్ అవతల పడి ఉంటాయి.

ఇదంతా బాగానే ఉంది. ఏళ్ళు గడిచేకొద్దీ నాకు ఇంకో బీమారీ పట్టింది. 13 దాటినవాటిని కూడా వదలడం మొదలుపెట్టాను. "ఇంకో ఏడాది ఆగితే" అని. సాయంత్రం మంట దగ్గర "ఇవాళ రెండు వదిలేశా" అని చెప్తుంటే మిగతావాళ్ళు తలూపేవాళ్ళు, నాకు తీయగా ఉండేది. సబర్ అనుకున్నాను. మా బేగం ఖాళీ ఫ్రీజర్ చూపించినా నేను కదల్లేదు.

2022లో చిన్నోడికి పదిహేనేళ్ళు. ఆ సీజన్‌లో రైఫిల్ వాడి చేతిలో, దూర్‌బీన్ నా చేతిలో. పొద్దున ఏడింటికి స్పైక్ ఒకటి ఒంటరిగా వచ్చింది. నాలుగంగుళాల పుల్లలు రెండు. స్పైక్‌గా పుట్టినది ఎప్పటికీ స్పైకే, కొట్టి పారెయ్యాలని ఇక్కడ పాతవాళ్ళంటారు. ఆలస్యంగా పుట్టినా, ఆ ఏడు వాన లేక మేత తక్కువైనా మొదటి కొమ్ములు అలాగే వస్తాయి, మరుసటేడు చూడండని ఇంకొందరు. ఆ బహస్ తేలలేదు. ఖానూన్‌కి మాత్రం అభ్యంతరం లేదు. నేను అలవాటుగా "ఛోడ్ దే బేటా" అన్నాను.

వాడు స్కోప్‌లోంచి కన్ను తీయకుండా గుసగుసగా అడిగాడు. "లీగలే గదా అబ్బా?"

"లీగలే."

"షక్ ఏమైనా ఉందా?"

"లేదు."

"మరి ఎందుకు వదలాలి?"

నా దగ్గర జవాబు లేదు. చిన్నది అని అనబోయాను. ఇది వాడి మొదటి జింక, వాడికి చిన్నదేం కాదు. నేను వదలమంటోంది జింక కోసం కాదు, మంట దగ్గర చెప్పుకునే మాట కోసం. 'నా కొడుకు మొదటి జింక స్పైక్' అని చెప్పుకోవడానికి నాకు నామోషీ. ఆదోని ఆమె మాట అప్పుడు గుర్తొచ్చింది.

"నీ ఇష్టం" అన్నాను.

వాడు వెంటనే కొట్టలేదు. అది మా వైపు తిరిగి నిలబడి ఉంది. పక్కకి తిరిగేదాకా ఆగాడు. రెండు నిమిషాలో, అయిదో. తిరిగాక వాడి పెదాలు బిస్మిల్లా అని కదలడం చూశాను. ఇద్దరం పరిగెత్తాం, వాడు నాకంటే ముందు చేరాడు. చేతులు వణుకుతున్నాయి. ఛురీ నేనే పట్టాను, నా చెయ్యి మీద వాడు చెయ్యేశాడు.

పదిహేను కిలోల దాకా గోష్ వచ్చింది. కుర్ర జింక గోష్ ఎంత మెత్తగా ఉంటుందో నేను మర్చిపోయాను. మా బేగం దాల్చా కూడా చేసింది. కొమ్ముల సంగతి ఎవరూ ఎత్తలేదు. మంట దగ్గర మా పెద్దాయన మాత్రం వాడికి చెయ్యిచ్చి, తన మొదటిది కూడా స్పైకే అన్నాడు.

మరుసటి శనివారం ఒక్కణ్ణే వెళ్ళాను. ఎనిమిది చీలికల కుర్రపోతు వచ్చి మంచె ముందు చాలాసేపు మేసింది. చెవులు శుభ్రంగా చాపింది, కొమ్ములు లోపలే ఉన్నాయి. తల వంచి మేస్తూ వాగు దాటి ఫెన్స్ దూకింది. పావుగంటకి అటువైపు గోలీ చప్పుడైంది. అదేనో, వేరేదో. ఫ్లాస్కులో చాయ్ ఇంకా మిగిలింది, తాగి కిందికి దిగాను.