కలాట-కలాట కషాయం

1960 జూన్ 30న కాంగోకు స్వాతంత్ర్యం వచ్చింది. కొద్ది వారాల్లోనే బెల్జియం డాక్టర్లు చాలామంది పెట్టేబేడా సర్దుకుని వెళ్లిపోయారు. ఖాళీ అయిన ఆసుపత్రులకు రెడ్‌క్రాస్ పలు దేశాల వైద్యులను పంపింది. అలా లులువాబుర్గ్‌కు (ఇప్పటి కనంగా) చేరినవాడు నార్వే డాక్టర్ లోరెంట్స్ గ్రాన్.

అక్కడి కాన్పుల్లో ఒక సంగతి ఆయన కంటబడింది. పురిటి నొప్పులు పడుతున్న ఆడవాళ్లు ఏదో ఆకు మరిగించిన కషాయాన్ని గుక్కగుక్కగా తాగుతున్నారు. అది కడుపులో పడ్డాక నొప్పులు పుంజుకుంటున్నాయి. మొక్క పేరు అడిగితే కలాట-కలాట అన్నారు. ఇంకొకరైతే నాటువైద్యమని కసిరి ఆ గిన్నెను బయట పెట్టించేవారేమో! గ్రాన్ మాత్రం మొక్కను నార్వేకు పట్టుకెళ్లాడు.

శాస్త్రజ్ఞులు దాన్ని ఓల్డెన్‌లాండియా అఫినిస్ అంటారు. కాఫీ కుటుంబంలోది. దాని దాయాది మనకు తెలిసిందే. బందరు కలంకారీ బట్టకు ఎరుపునిచ్చిన చిరివేరు కూడా ఓల్డెన్‌లాండియా ప్రజాతిదే. అది అద్దకానికి పోయింది, ఇది పురిటింటికి వచ్చింది.

ఇలాంటి మందును పరీక్షించే పద్ధతి చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. ఎలుక గర్భసంచి ముక్కను గోరువెచ్చని ఉప్పునీటిలో వేలాడదీసి, దాని కొసను దారంతో ఓ మీటకు కడతారు. నీటిలో మందు చుక్క పడి కండరం ముడుచుకుంటే మీట పైకి లేచి గీత గీస్తుంది. పట్టు వదిలితే గీత దిగుతుంది. వైద్యుడు చూడాల్సింది ఆ దిగడాన్నే. నొప్పికీ నొప్పికీ మధ్య విడుపు లేకపోతే మాయకు రక్తం అందదు, లోపలి బిడ్డకు ఊపిరాడదు. మరి ఆ కలాట-కలాట కషాయంలో గుప్పెడు ఆకు పడిందో రెండు గుప్పెళ్లు పడ్డాయో ఎవరు కొలిచారు?

గ్రాన్ 1973లో ఫలితాలు ప్రచురించాడు. గర్భసంచిని ముడుచుకునేలా చేసే పదార్థాల్లో ఒకటి చిన్న ప్రొటీన్ లాంటి పెప్టైడ్. దానికి కలాటా బి1 అని పేరు పెట్టారు. చిక్కంతా ఇక్కడే వచ్చింది. అలాంటి పదార్థం కుతకుత ఉడికితే పాడవ్వాలి కదా? ఇది చెక్కుచెదరలేదు. ఆ గుట్టు 1995లో ఆస్ట్రేలియాలో డేవిడ్ క్రేక్ బృందం పనితో వీడింది. ఆ పెప్టైడ్‌లోని 29 అమైనో ఆమ్లాల గొలుసుకు మొదలూ తుదీ లేవు. గాజులా చుట్టుకుని ఉంది, పైగా లోపల మూడు గంధకపు ముడులు. 2013లో వియన్నా పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. ఇదే మొక్కలోని కలాటా బి7, ఆక్సిటోసిన్ పట్టుకునే గ్రాహకాన్నే పట్టుకుంటుందని చూపారు. కాన్పు గదుల్లో నొప్పులు రావడానికి సెలైన్‌లో కలిపి ఎక్కించేది ఆ ఆక్సిటోసిన్‌నే.

విడుపు లేని నొప్పి ఎంత పని చేస్తుందో అమెరికా అంతకు ఎంతో ముందే చవిచూసింది. మన సజ్జకు పట్టే తేనెబంక తెగులు లాంటిదే రై పంటకు పట్టే ఎర్గాట్. ఆ తెగులుకు కంకిలో మొలిచే నల్లటి కొమ్ముల పొడితో కాన్పు త్వరగా అవుతుందని 1808లో జాన్ స్టెర్న్స్ అనే డాక్టర్ రాశాడు. డాక్టరుకు బోలెడు సమయం ఆదా అవుతుందని కూడా అన్నాడు! కానీ ఆ పొడి వాడకంతో బిడ్డలు చనిపోయి పుట్టడం ఎక్కువైంది. కాన్పు అయ్యాక రక్తస్రావం ఆపడానికే దాన్ని వాడాలని 1824లో న్యూయార్క్ డాక్టర్ డేవిడ్ హొసాక్ హెచ్చరించాడు.

1932లో లండన్‌లో చాసర్ మాయర్ బాలింతల గర్భసంచిలో చిన్న బుడగ పెట్టి, దాని మీద పడే ఒత్తిడిని గీతగా నమోదు చేశాడు. పనికిరాదనుకున్న ఎర్గాట్ నీటి సారాన్ని తాగిస్తే, నిమిషాల్లోనే గీత నిటారుగా లేచింది. అందులోని అసలు సరుకు ఎర్గోమెట్రిన్‌ను 1935లో రసాయన శాస్త్రవేత్త హెరాల్డ్ డడ్లీతో కలిసి విడదీశాడు.

దాని తమ్ముడే మెథర్జిన్ సూది. మన కాన్పు గదుల ఫ్రిజ్‌ల్లోనూ ఉంటుంది. అది సిరంజిలోకి ఎక్కే ముందు అడిగే ప్రశ్నలు మూడు: బిడ్డ బయటికొచ్చిందా? కడుపులో రెండో బిడ్డ లేదు కదా? బీపీ ఎంత?