బురద పోసిన నేల

మా అన్నయ్య కొడుకు హిమాచల్ వెళ్లొచ్చి చంద్రతాల్ సరస్సు ఫొటోలు చూపించాడు. నాలుగు వేల మీటర్ల ఎత్తున, అద్దంలాంటి నీలి నీళ్లు. "మన నాగాయలంకలో ఏముంది బాబాయ్, బురద తప్ప!" అన్నాడు.

బురదే, కాదనను. అక్కడి కొండల్ని మంచు తొలిచి సరస్సులకు చోటు చేస్తే, ఇక్కడ నది మట్టి పోసి నేలనే తయారుచేసింది. కృష్ణకు మంచు తోడు లేదు. మహాబలేశ్వరంలో పుట్టి, దాదాపు 1,400 కిలోమీటర్లు వానల మీదే బతికే నది. దారంతా మోసుకొచ్చిన ఒండ్రుతోనే దివిసీమ ఏర్పడింది. పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలై, మధ్యలో మనల్ని పెట్టుకుంది.

ఆ మట్టిని పట్టి ఉంచేది మడ అడవి. అందులో చాలాభాగం ఇప్పుడు కృష్ణా అభయారణ్యం. ఎదురుమొండి వైపు పడవలో వెళ్తూ, నీరు తీసినప్పుడు చూడండి. బురదలో పెన్సిళ్లు గుచ్చినట్టు వేళ్లు పైకి లేచి ఉంటాయి. గాలాడని బురదలో చెట్టు ఊపిరి తీసుకునేది వాటితోనే. ఎక్కువైన ఉప్పును మడ తన ఆకుల మీదుగా బయటికి నెట్టేస్తుంది. తిల్ల చెట్టు జోలికి మాత్రం పోకండి, దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. ఈ వేళ్ల సందుల్లోనే రొయ్య పిల్లలు, మండపీతలు పెరుగుతాయి. రాత్రిళ్లు చేపల వేటకి బావురుపిల్లి దిగుతుంది.

1977 నవంబరు 19 ఉప్పెన గురించి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. సొర్లగొంది పేరు చాలు. మడ ఎంత దట్టంగా ఉంటే అల జోరు అంత తగ్గుతుంది.

ఇంకో సంగతి. ఎగువన శ్రీశైలం, నాగార్జునసాగర్ నీటితోపాటు ఒండ్రునీ ఆపేస్తున్నాయి. ఆ నీళ్లతోనే పండించుకుంటూ డ్యాములు వద్దని మనం అనలేం. కానీ కొత్త మట్టి రాని చోట సముద్రం ఒడ్డును కోసుకుపోతుంది. ఇలాంటప్పుడు రొయ్యల చెరువు కోసం మడ కొట్టేస్తే, ఉన్న మట్టికి కూడా కాపలా పోతుంది. చెరువుకి నష్టం వస్తే మళ్లీ పిల్ల వేసుకుంటాం. నేల పోతే ఎక్కడ వేస్తాం?

అందుకే మా వాళ్లందరికీ ఒకటే చెబుతుంటాను. చెరువు గట్టు అవతల మడ మొక్క మొలిస్తే, పీకకండ్రా.