టెంటు కర్ర

వచ్చే నెల బాబు కాలేజీకి వెళ్ళిపోతాడు. ఒక్కడూ ఎలా ఉంటాడోనని నా బెంగ. ఈలోగా అందరం కలిసి కాన్సాస్‌లోని విల్సన్ లేక్ ఒడ్డున, స్టేట్ పార్కులో టెంటు వేశాం. దారిపొడవునా కంచెలకి రాతి కూసాలే! చెట్లు తక్కువైన గడ్డినేల కదా, వెనకటి రైతులు సున్నపురాయి కోసి పాతుకున్నారట. మా కడప వైపు చేలగట్ల మీద బండలు గుర్తొచ్చాయి.

పులిహోర తిని పడుకున్నామో లేదో, ఒకటే గాలి. ఆపడానికి అడ్డంగా ఒక్క చెట్టూ లేదు. కంగారుగా లేచి చూస్తే, అప్పటికే వాడు టెంటు కర్ర పట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు పడుకో అమ్మా, నేను చూసుకుంటా."

ఇన్నేళ్ళూ నేను వాడికి చెప్పిన మాటే అది.

తెల్లారేసరికి గాలి తగ్గింది. వాడు కూర్చునే నిద్రపోయాడు, కర్ర మాత్రం వదల్లేదు. దుప్పటి కప్పి, కాఫీకి స్టవ్ వెలిగించాను.