ఒక్క అక్షరము

జాలిగొలుపు వార్త వినినపుడు తెలుగువారు నాలుక కొనను ముందరి పండ్లకు తాకించి చిన్న చప్పుడు చేయుదురు. బండివాడు నాలుకను ప్రక్క పండ్ల కడనుండి లాగి ఎడ్లను అదలించును. ఇవి వట్టి చప్పుళ్లే గాని మాటలు కావు. వీనికి వర్ణమాలలో చోటు లేదు.

దక్షిణాఫ్రికాలోని ఖోసా జనులకు మాత్రము ఇట్టి చప్పుళ్లే హల్లులు. జాలి చప్పుడును వారు రోమను లిపిలోని ‘సి’ అను అక్షరముతో వ్రాయుదురు. ఎడ్లను అదలించు చప్పుడునకు ‘ఎక్స్’ గుర్తు. నాలుకను అంగిటికి హత్తించి చటుక్కున క్రిందికి లాగినచో సీసా బిరడా ఊడినట్టి ధ్వని పుట్టును. దానికి ‘క్యూ’ గుర్తు. ఆ జాతి పేరే ‘ఎక్స్’తో మొదలగును. తెలుగున దానిని ‘ఖోసా’ యని వ్రాయుట గత్యంతరము లేకయే.

19వ శతాబ్దమున క్రైస్తవ మతప్రచారకులు ఆ భాషను లిపిబద్ధము చేసిరి. ‘సి’, ‘క్యూ’, ‘ఎక్స్’ చేయు పనిని ‘కె’, ‘ఎస్’ అనునవియే చేయగలవు. మిగిలిపోయిన ఆ మూడక్షరములకు ఖోసా భాషలో గౌరవమైన కొలువు దొరకినది.

ఈ ధ్వనులు ఖోసా వారికి తొలినుండి ఉన్నవి కావు. పొరుగువారైన ఖోయి, సాన్ జనులతో కలిసిమెలిసి బ్రతుకుటచే అబ్బినవి. ఆ పొరుగు భాషలలో పెక్కు నశించినవి. ధ్వనులు మాత్రము ఖోసా వారి నోట నిలిచినవి.

1932లో జన్మించిన గాయని మిరియం మకేబా తండ్రి ఖోసా జాతివాడు. నేలను తట్టుచు చప్పుడు చేయు ఒక పురుగును గూర్చిన పెండ్లిపాటను ఆమె దేశదేశముల పాడెను. ఆ పురుగు పేరు ‘క్యూ’ ధ్వనితో మొదలగును. అది పలుకలేని ఆంగ్లేయులు దానిని ‘క్లిక్ పాట’ యనిరి. పలుకలేకయే వారట్లు పేరు పెట్టిరని ఆమె సభలలో నవ్వుచు చెప్పెడిది. ఆ నవ్వు వెనుక దుఃఖము కలదు. 1960లో తల్లి మరణించగా ఆమె స్వదేశమునకు పోగోరెను. వర్ణవివక్షను పాటించిన నాటి ప్రభుత్వము ఆమె పాస్‌పోర్టును రద్దుచేసెను. మరల 1990లో గాని ఆమె జన్మభూమిని చూడలేదు. ఆ ముప్పది యేండ్లు ఆమె వెంట నడచిన పుట్టినింటి సొమ్ము ఆ ధ్వనియే.

1996 నాటి రాజ్యాంగము ఖోసాను అధికార భాషలలో ఒకటిగా అంగీకరించినది. ఒకరికి వట్టి చప్పుడైనది వేరొకరికి తల్లి పలుకు. నోరు తిరుగని పేరును మార్చివేయుట సులభము. నోటిని త్రిప్పి నేర్చుట మర్యాద. నెల్సన్ మండేలా బాల్యము గడపిన గ్రామము పేరు ‘కును’ అని పుస్తకములలో కనబడును. దాని మొదటి అక్షరమును ‘క్యూ’తోనే వ్రాయుదురు. ఆ పేరు చదువు బాలుడు ఒక్కమారు నాలుకను అంగిటికి హత్తించి లాగి చూచునుగాక!