ఎంప్టీలు

మార్చి 9, 2024, శనివారం
టారస్ జడ్జ్ రివాల్వర్ ఇంటికొచ్చింది. 5 గదుల సిలిండర్. ఫోర్ టెన్ షాట్‌గన్ షెల్లూ పడుతుంది, .45 కోల్ట్ తూటా కూడా. పెరట్లో రాళ్ళ సందున రాటిల్ స్నేక్ కనబడింది, అందుకే కొన్నానన్నాను. "పాముకి కర్ర చాలదా?" అంది మా ఆవిడ. సేఫ్ గరాజ్‌లో పెట్టాను. అప్పట్నుంచి ఆ తలుపు వైపు కూడా చూడట్లేదు.
నాన్న మోసిందీ ఫోర్ టెనే. ఈ ముక్క తనకి చెప్పలేదు. ఎందుకో.

మార్చి 16
రేంజ్. 7 గజాలు. కాగితం మీద అచ్చం గారె! చుట్టూ చిల్లులు, నడుమ ఖాళీ. గొట్టంలో రైఫ్లింగ్ మెలికలు గుళ్ళని గిర్రున తిప్పి బయటికి విసిరేస్తాయి. ఆ మెలికలు తీసేస్తే ఇక్కడి చట్టం దీన్ని మామూలు పిస్తోలు కింద లెక్కెయ్యదు. పాము సరిగ్గా ఆ నడిమి ఖాళీలో పడుకుంటే?
షెల్ చిన్నది, ధర మాత్రం 12 గేజ్‌ని మించింది.

మార్చి 24
పక్కింటి పెద్దాయన, పేల్చిన షెల్లు మళ్ళీ నింపే తన మెక్ ప్రెస్ ఇచ్చేశాడు. చేతులు వణుకుతున్నాయట. పాత ప్రైమర్ ఊడగొట్టడం, కొత్తది నొక్కడం, మందు, ప్లాస్టిక్ వాడ్, అర ఔన్సు గుళ్ళు, పైన నక్షత్రం మడత. షెల్ మూతి నా చిటికెన వేలంత. వాడ్ దిగేటప్పుడు అంచు లోపలికి వంగిపోతోంది. 4 పాడుచేశాను.
మందు పుస్తకంలో ఉన్నంతే, సొంత తెలివి వద్దన్నాడు. ఫోన్ ఇంట్లో పెట్టి రమ్మన్నాడు. పూజగదిలో కూడా ఇంత శ్రద్ధ లేదు నాకు.

ఏప్రిల్ 9, ఉగాది
పచ్చడిలో వేపపువ్వు లేదు. అమ్మకి ఫోన్.
నాన్నది ఇషాపూర్ మస్కెట్. .303 రైఫిల్‌ని మార్చింది, ఒక్క తూటాది. నా షెల్లు దానికి పట్టవు, పేరే ఒకటి. ఓసారి ఫైరింగ్ ప్రాక్టీసయ్యాక, పేల్చిన తూటాల ఎంప్టీల్లో ఒకటి తగ్గింది. లెక్క అప్పజెప్పాలి. రాత్రి లాంతరు పట్టుకుని గడ్డిలో వెతికాడు. వెనకాలే నేను. దొరికిందా?
అమ్మనడిగాను. "ఏ మస్కెట్‌రా?" అంది.

ఏప్రిల్ 13
నేను నింపినవి 5 తీసుకెళ్ళాను. మూడోది పేలాక సిలిండర్ బిగుసుకుపోయింది. నాలుగోదాని మడత అదురుకి విచ్చుకుని, గుళ్ళు ముందుకు జారి అడ్డుపడ్డాయి. వేలు ట్రిగ్గర్ మీంచి తీసేసి, గొట్టం మట్టిగట్టు వైపే ఉంచి, రేంజ్ ఆఫీసర్ని పిలిచాను. ఆయన గుళ్ళు ఒక్కొక్కటే రాలుస్తుంటే పక్కన బడిపిల్లాడిలా నిలబడ్డాను.
ఇంటికొచ్చి చెప్పేశాను. అన్నం తినకుండా లేచిపోయింది.

ఏప్రిల్ 20
మడత సరిచేసుకున్నాను. 25 పేల్చాను, ఒక్కటీ ఆగలేదు. గారె మాత్రం గారెలాగే ఉంది.
పాము మళ్ళీ కనబడలేదు.
రాత్రి గరాజ్‌లో ఎంప్టీలు 5 చొప్పున నిలబెట్టాను. 24. సంచీ దులిపాను. కారు మ్యాట్లు ఎత్తాను. టార్చి వేసుకుని డ్రైవ్‌వే అంతా వంగి వంగి…
తలుపు తెరుచుకుంది. చేతిలో నా చొక్కా. జేబులోంచి ఎర్రటి షెల్ తీసి, వరస చివర నిలబెట్టింది.
"ఉతికేసేదాన్ని."
వెళ్ళిపోతుందనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చుంది. వేలు పెట్టి తనూ ఓసారి లెక్కపెట్టింది.
"ఎవరికి అప్పజెప్పాలండీ ఇవి?"