సస్తా జాగా

ఉర్దూ బళ్ళో దాన్ని నీలాం అన్నాం. డిగ్రీకొచ్చాక వేలం అని రాశాం. ఏ పేరుతో పిలిచినా, దివాలా తీసిన కంపెనీ జాయిదాద్ సస్తాగా వస్తోందంటే జనానికి ఆశ పుడుతుంది. మా చిన్న భాయికీ పుట్టింది, ఓ గోదాము మీద.

అమ్మీ వద్దంది. "ఎందరి రోజీ పోయిన జాగానో బేటా, బద్దువా తగుల్తది."

అమ్మీకి 2016 దివాలా చట్టం 53వ సెక్షన్ చెప్పాను. నీలాం పైసల్లోంచి ముందు ఆ ప్రక్రియ ఖర్చులు పోతాయి. తర్వాత మజ్దూర్ల 24 నెలల బకాయి, తాకట్టు హక్కు వదులుకున్న బ్యాంకుల కర్జ్ ఒకే వరసలో నిలబడతాయి. వాటాదార్లు అందరికన్నా ఆఖర్న. కొనేవాళ్ళు రాకపోతే మరుసటి నీలాంలో ధరను 25 శాతం దాకా తగ్గించొచ్చు. ధర పడితే మజ్దూర్ హిస్సా కూడా పడినట్టే. మరి కొన్నవాడికి బద్దువా ఎందుకు తగుల్తది?

భాయికి మాత్రం నోటీసులో ఒక్క ముక్క చూపించాను: 'ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా'. లోపల కిరాయిదారున్నా, హద్దు తగాదా ఉన్నా ఆ సిర్‌దర్ద్ నీదే. ముందు వెళ్ళి జాగా చూడు, ఈసీ తీయించు, వకీలుకి కాగజాత్ చూపించు. ఆ తర్వాతే బోలీ.

డెస్కులో ఇలాంటి నోటీసులు చాలా చూశాను. కొలతలుంటాయి, బయానా ఎంతో ఉంటుంది, బోలీ తారీఖుంటుంది. మజ్దూర్లకు తన్‌ఖా ముట్టే తారీఖు మాత్రం ఒక్కదాంట్లోనూ కనబడలేదు.